మూత వెనకున్న పనితనం

చిరంజీవులకు ఆశీస్సులు.

రెండు ఖరీదైన వాచీలు పక్కపక్కన పెడితే ఏది మేలో ఎలా తేల్చాలని అడిగారు. కేసులోని బంగారాన్నీ, డయలు మీద పేరునూ కాసేపు మరిచిపోండి. లోపలి యంత్రాన్నే, అంటే మూవ్‌మెంట్‌నే చూద్దాం. టైము ఎంత నిలకడగా నడుస్తుందన్నది ఒక ప్రశ్న. ఎంత శ్రద్ధగా చేశారన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే ఏదీ తేలదు.

కీ తిప్పితే మెయిన్‌స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విచ్చుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఆ బలం ఒక్కసారే అయిపోకుండా ఎస్కేప్‌మెంట్ కొద్దికొద్దిగా వదులుతుంది. ఎప్పుడు వదలాలో చెప్పేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం, దాని మీదుండే వెంట్రుకలాంటి హెయిర్‌స్ప్రింగు. ఇప్పటి మంచి వాచీలు చాలావరకు గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు 8 సార్లు కొట్టుకుంటాయి.

ఈ అంకె పెద్దదైతే వాచీ కూడా గొప్పదేనని చాలామంది నమ్మకం. అందులో కొంత నిజముంది, వేగంగా ఊగే చక్రాన్ని చేతి కుదుపులు అంత సులువుగా చెదరగొట్టలేవు. కానీ వేగం పెరిగేకొద్దీ నూనె మీదా, భాగాల అరుగుదల మీదా భారం పెరుగుతుంది. జెనిత్ అనే వాచీల కంపెనీ 1969లో తెచ్చిన ఎల్ ప్రిమెరో మూవ్‌మెంట్ గంటకు 36,000 సార్లు కొడుతుంది. రోలెక్స్ 1988లో అదే మూవ్‌మెంట్‌ను డేటోనా అనే తన వాచీలో వాడుకుంటూ వేగాన్ని 28,800కు తగ్గించింది. ఇరుసులు అరగకుండా అవి తిరిగేచోట పొదిగే కెంపుల లెక్క కూడా అంతే, ఎక్కువున్నంత మాత్రాన గొప్ప కాదు. చేత్తో కీ ఇచ్చే మామూలు వాచీకి 17 చాలు.

అసలు పరీక్ష వేరే ఉంది. వాచీని పడుకోబెడితే బ్యాలెన్స్ ఇరుసు దాని గుండ్రటి మొన మీద తిరుగుతుంది, రాపిడి తక్కువ. నిలబెడితే ఇరుసు పక్కలు రాసుకుంటాయి, ఊపు తగ్గుతుంది. చక్రంలో ఒక పక్క ఇసుమంత బరువు ఎక్కువున్నా అప్పుడే బయటపడుతుంది. వాచీల కచ్చితత్వానికి ధ్రువపత్రమిచ్చే స్విట్జర్లాండ్‌లోని కాస్క్ సంస్థ మూవ్‌మెంట్‌ను 15 రోజులు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల్లో పరీక్షించేది అందుకే. రోజు సగటు 4 సెకన్ల వెనకబాటుకూ 6 సెకన్ల ముందడుగుకూ మధ్య ఉండాలి. రోజుకు 86,400 సెకన్లని గుర్తుంచుకుంటే అదెంత కఠినమో తెలుస్తుంది.

అయినా ఒట్టి సగటును నమ్మకండి. ఒక వాచీ పడుకున్నప్పుడు 8 సెకన్లు ముందుకూ, నిలబడ్డప్పుడు 8 సెకన్లు వెనక్కీ పోతుందనుకోండి, సగటు సున్నా. ఇంకొకటి ఎలా పెట్టినా 5 సెకన్లు ముందే ఉంటుంది. నేనైతే రెండోదాన్నే తీసుకుంటాను. ఒకే తీరున ఉండే తేడాను మెకానిక్ సర్దేయగలడు. భంగిమకొక తీరుగా నడిచేదాన్ని దారిలో పెట్టడం చాలా కష్టం. అందుకే కాస్క్ కూడా సగటుతో ఆగకుండా భంగిమల మధ్య తేడాలను కొలుస్తుంది.

ఇక చేతిపని. దీనివల్ల టైము మెరుగుపడేది దాదాపు ఏమీ లేదు, అయినా నాకు ప్రాణం. వెనక అద్దమున్న వాచీ దొరికితే భూతద్దంతో బ్రిడ్జిల, అంటే చక్రాలను పట్టి ఉంచే లోహపు పలకల, అంచులు చూడండి. అంచును ఏటవాలుగా చెక్కి నునుపు చేస్తారు. రెండు అంచులు లోపలివైపు కలిసే మూల దగ్గర ఆగండి. తిరిగే పనిముట్టు ఆ మూలను గుండ్రంగానే వదులుతుంది. కత్తిమొనలా కూడిందంటే ఎవరో ఆకురాయితో, ఆపైన పుల్లతో, ఓపిగ్గా రుద్దినట్టు. అద్దంలా సానపట్టిన ఉక్కు స్క్రూ తలను కొంచెం వంచి చూడండి. ఒక కోణంలో తళతళ మెరిసి, ఇంకో కోణంలో నల్లగా మారిపోతుంది.

కంపెనీ తానే తయారుచేసుకున్నదని చెప్పే ‘సొంత మూవ్‌మెంట్’ అనే మాటకు మాత్రం లొంగిపోకండి. జేగర్-లెకూల్త్ర్ కంపెనీ 1967లో తయారుచేసిన 920 అనే పలచని మూవ్‌మెంట్‌ను పటెక్ ఫిలిప్, ఆడెమార్ పిగే, వాషెరాన్ కాన్‌స్టాంటిన్ అనే మూడు పేరున్న కంపెనీలూ వాడుకున్నాయి. దానివల్ల ఆ వాచీల విలువ ఏమీ తగ్గలేదు. ఎవరు చేశారని కాక, పడుకోబెడితే ఎంత, నిలబెడితే ఎంత అని అడగండి.

మీ తాతయ్య