ఈ పిల్ల పెట్టా, పుంజా?

పెరట్లో రెండు నెలల కోడిపిల్ల తిరుగుతుంటే చూసినవాళ్లు అడిగేవి రెండే: ఏ జాతి, పెట్టా పుంజా? మొదటిదానికి మన ఊళ్లలో జవాబు సిద్ధంగా ఉంటుంది: డేగ, కాకి, నెమలి. ఇవి ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లు, జాతుల పేర్లు కావు. ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో ఒకటి డేగ, ఇంకోటి కాకి కావచ్చు. రకరకాల కోళ్లు కలిసి తిరిగే చోట పుట్టిన పిల్లకు ఫలానా జాతి అని పేరు పెట్టలేం. ఏ లక్షణం ఎటు నుంచి వచ్చిందో మాత్రం కొంతవరకు చెప్పొచ్చు.

బోసిమెడ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే, మెడ ముందువైపు కింద చిన్న ఈకల గుత్తి మిగులుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఆ గుత్తి దాదాపు కనిపించదు. చర్మం, నాలుక నల్లగా ఉంటే మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ రక్తం కలిసిందేమో అనుకోవచ్చు.

తురాయి దగ్గర కాస్త ఆగి చూడాలి. చాలా నాటుకోళ్లకు అది రంపం పళ్లలా ఒకే వరసలో ఉంటుంది. పందేలకు పెంచే అసిల్‌కు తలను అంటుకుని, పొట్టిగా, మూడు వరసల బుడిపెలుగా ఉంటుంది. ఇలాంటి తురాయినిచ్చే జన్యువు ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, పిల్లలో బయటపడుతుంది.

చిక్కంతా ఇక్కడే. పెట్టా పుంజా తేల్చడానికి అందరం చూసేది కూడా తురాయినే. ఆరు నుంచి ఎనిమిది వారాలకు చాలా పుంజుపిల్లల తురాయి పెరిగి ఎర్రబడుతుంది, పెట్టపిల్లలది చిన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. అసిల్ నుంచి వచ్చిన ఆ జన్యువు పుంజులో కూడా తురాయిని, గడ్డం కింద వేలాడే తోలును కురచ చేస్తుంది. అందుకే అలాంటి పుంజుపిల్లను చాలామంది పెట్ట అనుకుని గుడ్ల కోసం ఎదురుచూస్తారు.

గుడ్డు మొనదేలి ఉంటే పుంజు పుడుతుందన్న మాటలో నిజం లేదు. కోళ్లలో పిల్ల ఆడా మగా అనేది తల్లి ఇచ్చే క్రోమోజోమ్‌ను బట్టి ఉంటుంది, పెంకు ఆకారాన్ని బట్టి కాదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో మలద్వారం లోపలి చిన్న బుడిపెను చూసి చెప్పే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్తలు 1920లలో అభివృద్ధి చేశారు. అది శిక్షణ పొందినవాళ్ల పని. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి, పిల్ల పేగులు దెబ్బతింటాయి.

మూడు నెలలు దాటేదాకా ఓపిక పట్టి, వీపు చివర, తోక మొదట్లో చూడండి. పుంజుకు అక్కడ సన్నగా, పొడవుగా, మొనదేలి మెరిసే ఈకలు వస్తాయి. పెట్టకు అదే చోట ఈకల కొనలు గుండ్రంగా ఉంటాయి. ఆ గుండ్రదనం అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పని. అండాశయం దెబ్బతిన్న ముసలి పెట్టకు ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడు ఒక్కోసారి పుంజు ఈకలే మొలుస్తాయి. అలాంటి పెట్ట ఒక్కోసారి తెల్లవారుజామున కూత కూడా పెడుతుంది.