నేలను బట్టి గడ్డి, వానను బట్టి గడ్డి: పశుగ్రాసాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: సూపర్ నేపియర్ గడ్డి ఎక్కడ నాటినా ఒకే దిగుబడి ఇస్తుంది.

వాస్తవం: పశుగ్రాసం గురించి మా సలహా కోరే పాడి రైతుల్లో ఎక్కువ మంది ముందుగా అడిగేది ఈ గడ్డి ముచ్చెల (నాటే కాండపు ముక్కల) కోసమే. కోయంబత్తూరు నుంచి వచ్చిన సీఓ-4 అయినా, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సూపర్ నేపియర్ అయినా, సజ్జతో సంకరపరచిన ఈ నేపియర్ రకాలు సారవంతమైన నేల, క్రమం తప్పని తడి, ప్రతి కోత తరువాత నత్రజని అందినప్పుడే, నాటిన 70-80 రోజులకు మొదటి కోతను, ఆపై 40-45 రోజులకొక కోతను ఇస్తాయి. ప్రచారంలో వినిపించే టన్నుల లెక్కలు ఇటువంటి సాగునీటి పొలాలవే. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ఎర్ర నేలల్లో, బోరు ఆధారం లేకుండా ఈ గడ్డిని నాటమని నేను ఎవరికీ చెప్పను. వానాకాలంలో ఎంత ఏపుగా పెరిగినా, వేసవిలో దుబ్బులు నిలవడం కష్టం. అటువంటి చోట అంజన్ గడ్డినీ, పప్పుజాతికి చెందిన స్టైలో హమాటానూ కలిపి వేసుకోవడం మేలు. వీటి దిగుబడి తక్కువే, కానీ గొర్రెల మందకు అది ఏటా నమ్మకంగా అందే మేత.

అపోహ: వర్షపాతం సరిపోతే నేల ఏదైనా ఫరవాలేదు.

వాస్తవం: నీరు నేలలో ఎంతసేపు నిలుస్తుందన్నది వర్షపాతమంత ముఖ్యమైన విషయం. స్టైలో, అంజన్ రెండూ నీరు ఇంకిపోయే చలక నేలలను కోరుకుంటాయి. నల్లరేగడిలో వాటికి బదులు పప్పుజాతి మేత అయిన దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్) బాగా నిలదొక్కుకుంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల పల్లపు భూముల్లో నీరు నిలిచినా తట్టుకునేది పారాగడ్డి. మరో పప్పుజాతి మేత అయిన లూసర్న్‌కు మురుగునీరు పోయే దారి తప్పనిసరి. వాన ఎప్పుడు పడుతుందో కూడా చూడాలి: నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల వానలే ఎక్కువ కాబట్టి, తెలంగాణలో మాదిరిగా జూన్‌లోనే విత్తాలన్న నియమం అక్కడి మెట్ట భూములకు వర్తించదు.

అపోహ: విత్తనం చల్లితే చాలు, బీడు పచ్చికగా మారుతుంది.

వాస్తవం: స్టైలో, దశరథ గడ్డి గింజల పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీటిలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, తరువాత చన్నీటిలో రాత్రంతా నానబెట్టి విత్తితేనే మొలక బాగుంటుంది. అంజన్ గింజలకు కోసిన కొత్తలో నిద్రావస్థ ఉంటుంది కనుక కొన్ని నెలలు నిల్వ ఉంచినవి వాడాలి. మొదటి ఏడాది గింజ రాలేవరకు మందను తోలకూడదు.

అపోహ: పచ్చగా ఉన్న జొన్న చొప్ప ఎప్పుడు మేపినా ప్రమాదం లేదు.

వాస్తవం: ఇది ప్రాణాంతకమైన అపోహ. లేత జొన్నలోనూ, వాన ముఖం చాటేసినప్పుడు వడలిన పైరులోనూ, కోత తరువాత వచ్చే పిలకల్లోనూ హైడ్రోసయానిక్ ఆమ్లం పెరుగుతుంది. రైతులు నాము అనేది దీనినే. పూతదశకు వచ్చాకే కోయడం, అనుమానం ఉంటే బాగా ఎండబెట్టి మేపడం సురక్షితం. మేసిన కొద్దిసేపటికే పశువు రొప్పుతూ తూలితే, ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. విరుగుడుగా ఇచ్చే సోడియం థయోసల్ఫేట్ సకాలంలో అందితేనే పశువు బతుకుతుంది.