స్ప్రింగు చెప్పే సాక్ష్యం

పిల్లలూ,

మీలో ఒక అమ్మాయి బడిలో స్ప్రింగ్ త్రాసు పట్టుకుని అడిగింది: "దీని మీద ఒక పక్క 1000 గ్రాములని, ఇంకో పక్క 10 న్యూటన్లని ఉంది. ఉన్నది ఒకే ముల్లు కదా, రెండు మాటలు ఎలా చెబుతుంది?"

ముల్లు చెప్పేది ఒక్క మాటే తల్లీ. రెండోది మనం చేర్చుకున్న లెక్క.

బలం కంటికి కనపడదు. అది లాగితే సాగిన వస్తువు కనపడుతుంది. పంచాయతీకి రానివాడి సంగతి సాక్షిని అడిగినట్టు, బలం సంగతి స్ప్రింగును అడగాలి. ఈ సాక్షిని నమ్మొచ్చని చెప్పినవాడు రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త. 1676లో ఆ మాట ఇంకొకరు తమదనకుండా అక్షరాలు కలగాపులగం చేసి అచ్చేయించాడు, 1678లో విప్పి చెప్పాడు: సాగుదల ఎంతో బలం అంత. రెట్టింపు లాగితే రెట్టింపు సాగుతుంది. త్రాసు మీద గీతలన్నీ సమాన దూరంలో ఉండడానికి కారణం అదే. 1798లో రెన్యే అనే ఫ్రెంచి ఆయన కోడిగుడ్డు ఆకారపు ఉక్కు స్ప్రింగుతో మనుషుల బలం, గుర్రాల బలం కొలిచే పరికరం చేశాడు. అదీ ఈ సాక్షే, ఇంకో వేషంలో.

సాక్షిని బెదిరిస్తే మాట మారుస్తాడు. మోయగలిగిన దానికి మించి వేలాడదీస్తే స్ప్రింగు సాగిపోయి వెనక్కి రాదు. ఆ తర్వాత ఖాళీగా ఉన్నా ముల్లు సున్నా దగ్గర నిలవదు. రబ్బరు బ్యాండు ఇంకా ఘోరం. బరువులు పెంచుతూ వెళ్లేటప్పుడు ఒక కొలత, దించుతూ వచ్చేటప్పుడు ఇంకో కొలత చెబుతుంది. దాన్ని సాక్షిగా పిలవకండి.

మీరే ఒకటి చేసుకోండి. చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉండే, రెండు చివర్లా కొక్కేలున్న స్ప్రింగు కావాలి. పెన్నులోది పనికిరాదు, అది నొక్కడానికి చేసింది. మేకుకు తగిలించి వెనక కాగితం అంటించండి. కింద చిన్న డబ్బా వేలాడదీయండి. ఇలాంటి స్ప్రింగు మొదటి కాస్త బరువుకి అసలు కదలదు, చుట్లు బిగుసుకుని ఉంటాయి. అవి విడేదాకా డబ్బాలో ఇసుక వేసి, అప్పుడు సున్నా గీయండి. ఆ పైన 102 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోస్తూ గీతలు పెట్టండి. గీతకు ఒక న్యూటన్, అన్ని నీళ్లను భూమి దాదాపు అంత బలంతో లాగుతుంది. గీత పెట్టేటప్పుడు కన్ను స్ప్రింగు కింది చివరకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒకటి, కిందనుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. తొందరపడకండి, డబ్బా ఊగడం ఆగాకే గీయాలి.

ఇంకో మాట. బల్ల మీద పుస్తకాన్ని లాగి ఎంత బలం పట్టిందో చూడాలంటే, త్రాసును ముందు అడ్డంగా పడుకోబెట్టి సున్నా సరిచూసుకోండి. నిలబెట్టినప్పుడు కొక్కెం బరువు కూడా స్ప్రింగును కాస్త లాగుతుంది, పడుకోబెడితే లాగదు.

ఇక గ్రాములు. గ్రాము వస్తువులో ఎంత పదార్థం ఉందో చెబుతుంది, న్యూటన్ దాన్ని ఎంత గట్టిగా లాగుతున్నారో చెబుతుంది. కిలో వస్తువు వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచే బలం ఒక న్యూటన్. ఆ పేరు 1948లో ఖాయమైంది. అంతకు ముందు 1873 నుంచి బలానికి డైను అనే చిన్న కొలత ఉండేది. లక్ష డైన్లయితే ఒక న్యూటన్, చీమలతో ఏనుగును తూచినట్టు.

భూమి కిలోను ధ్రువాల దగ్గర 9.83 న్యూటన్లతో, భూమధ్యరేఖ దగ్గర 9.78 న్యూటన్లతో లాగుతుంది. ధ్రువం దగ్గర సరిచేసిన స్ప్రింగ్ త్రాసు భూమధ్యరేఖకు వచ్చి కిలోను 995 గ్రాములంటుంది. చంద్రుడి మీదైతే 165 అంటుంది. స్ప్రింగు అబద్ధమాడలేదు, మనం గీసిన గ్రాముల గీతలే అక్కడ చెల్లవు. రెండు పళ్లాల తక్కెడకు ఈ బాధ లేదు, లాగుడు తగ్గితే రెండు వైపులా తగ్గుతుంది.

ఇప్పుడు బడిలో ఆ త్రాసు మళ్లీ తీసి చూడండి. 10 న్యూటన్లకు దాదాపు 1020 గ్రాములు రావాలి. సున్నా నుంచి 1000 దాకా పది సెంటీమీటర్లుంటే, 10 న్యూటన్ల గీత 1000 గీతకన్నా రెండు మిల్లీమీటర్లు కిందుండాలి. మీ త్రాసు చేసినవారు ఆ తేడా పాటించారా, రెండు గీతలూ ఒకే వరసలో గీసి ఊరుకున్నారా? చూసి రాయండి.

మీ తాతయ్య