విత్తకుండా మొలిచిన మొక్కను గుర్తుపట్టడం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు విత్తనం వేయని చోట మొలకలు లేచాయనీ, ఉంచాలో పీకాలో తెలియడం లేదనీ రాశారు. ముందు ఒక పది రోజులు దేన్నీ పీకకండి. మొదట విచ్చుకున్న రెండు ఆకులు బీజదళాలు. అవి విత్తనంలోనే తయారై ఉంటాయి. వాటిని చూస్తే మొక్క ఏ కుటుంబానిదో తెలుస్తుంది గానీ పేరు తెలియదు. వాటి నడుమ నుంచి అసలు ఆకులు రెండో మూడో వచ్చాకే పేరు చెప్పగలం.

ఒక్కో రకం మొలక పక్కన ఒక పుల్ల గుచ్చి తేదీ రాయండి. రెండు రోజులకొకసారి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీయండి. మొలకలు ఎలా లేచాయో కూడా చూడండి. ఒకే చోట గుంపుగా లేస్తే అక్కడ ఓ పండు పడి కుళ్ళి ఉంటుంది. మడి అంతా చెల్లాచెదురుగా ఉంటే కంపోస్టులోంచి వచ్చి ఉండొచ్చు. ఇంట్లో వేసే చిన్న కుప్ప సరిగ్గా వేడెక్కదు కాబట్టి టమాటా, గుమ్మడి గింజలు అందులో చావవు.

ఇక బీజదళాల సంగతి. దళసరిగా, కోలగా, పెద్దవిగా ఉంటే గుమ్మడి, సొర, దోస కుటుంబం. చాలాసార్లు గింజ పొట్టు ఆకు కొనకే అంటుకుని ఉంటుంది, దాన్ని లాగేయకండి. కొసన నొక్కు పడి హృదయాకారంలో ఉంటే ఆవ, ముల్లంగి, క్యాబేజీల వర్గం. వీటిని ఆ దశలో విడదీయడం పెద్దవాళ్ళకూ కష్టమే. బొబ్బర, కంది మొక్కలకు మొదటి అసలు ఆకులు ఎదురెదురుగా ఒక జంట, విడి ఆకులుగా వస్తాయి. మూడేసి చిన్నాకులు కలిసి ఉన్న ఆకులు ఆ తర్వాతే. అందుకే మొదటి జంట చూసి చాలామంది ఇది చిక్కుడు జాతి కాదనుకుంటారు. రెండు ఆకులు లేకుండా ఒంటి ఆకు నిటారుగా లేస్తే గడ్డి, జొన్న, ఉల్లి, తుంగల్లో ఏదో ఒకటి. కాడ మొదలును చేతివేళ్ళ మధ్య పెట్టి తిప్పినప్పుడు మూడు మూలలు తగిలితే తుంగ. దాన్ని పైపైన లాగితే తెగిపోయి, మట్టిలో మిగిలిన గడ్డ నుంచి మళ్ళీ వస్తుంది. చుట్టూ లోతుగా తవ్వి గడ్డతో సహా తీయాలి.

అందరూ తికమకపడేది టమాటా, మిరప, వంగ, ఉమ్మెత్తల దగ్గర. అన్నిటి బీజదళాలూ సన్నగా, పొడవుగానే ఉంటాయి. టమాటా కాడ నిండా సన్నని నూగు ఉంటుంది, అసలు ఆకు మొదటి నుంచే చీలికలతో వస్తుంది, నలిపితే టమాటా వాసన. మిరప ఆకు నున్నగా, చీలిక లేకుండా కొన తేలి ఉంటుంది. వంగ ఆకు వెడల్పుగా, అంచు అలలుగా, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. ఉమ్మెత్త బీజదళాలు టమాటా కన్నా పొడవు. ఆకు నలిపితే వచ్చే వాసన అసహ్యంగా ఉంటుంది. ఆ మొక్క అంతా విషం. కాబట్టి ఆకును చూడండి, తాకండి, వాసన చూడండి. పేరు తెలియనిది మాత్రం నోట్లో పెట్టకూడదు, తాకాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

గంగపాయలను కూడా ఇలాగే పొరపడతారు. దాని కాడ కండగా, ఎర్రగా ఉండి విరిస్తే నీరు వస్తుంది. అదే నేలన పాకే నానబాలు జాతి మొక్కలను విరిస్తే తెల్లటి పాలు కారుతాయి. పాలు కారితే అది గంగపాయల ఆకుకూర కాదు. ఆ పాలు కళ్ళకు తగలనివ్వకండి. క్యారెట్ ఆకులా చీలి నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకున్నది వయ్యారిభామ కావచ్చు. అది చర్మానికి పడదు, పూత రాకముందే పెద్దవాళ్ళ చేత చేతి తొడుగులతో తీయించండి.

అనుమానం తీరకపోతే నాకు నచ్చే పద్ధతి ఇదే: తెలిసిన గింజలు శుభ్రమైన మట్టిలో కుండీకి నాలుగు వేసి, పేరు రాసి, పక్కన పెట్టండి. మొలిచాక ఒకటికొకటి పోల్చితే ఏ పుస్తకమూ అక్కర్లేదు. గుంపులో ఒక మొలకను మట్టితో లేపి చూస్తే వేరు దగ్గర గింజ పొట్టు దొరకొచ్చు, అది ఇంకా గట్టి ఆధారం.

గుర్తుపట్టాక మార్చి నాటాలనుకుంటే టమాటా, మిరప, వంగ మొలకలను నాలుగు అసలు ఆకులు వచ్చేదాకా ఆగి, సాయంత్రం పూట మార్చండి. గుమ్మడి, దోసలకు వేరు కదిలితే పడదు. రెండు అసలు ఆకుల లోపే మట్టిగడ్డతో కలిపి తీయాలి, లేదా ఉన్నచోటే ఒకదాన్ని ఉంచి మిగతావి కత్తెరతో తుంచాలి. లాగితే పక్కదాని వేరూ కదులుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తనంతట తాను మొలిచిన సొర, గుమ్మడి, దోస పాదులు తల్లి కాయ లాంటివే కాస్తాయని లేదు. విత్తనం హైబ్రిడ్‌దైతే, లేక వేరే రకం పుప్పొడి కలిసి ఉంటే, కాయ చేదెక్కవచ్చు. ఆ చేదు కడుపును పాడుచేసే విషం, వండినా పోదు. పెద్దవాళ్ళు కోసి, చిన్న ముక్క నాలుకకు తాకించి చూడాలి. చేదు తగిలితే ఉమ్మేసి, ఆ పాదు మొత్తం పీకేయండి.

ప్రేమతో,
మీ తాతయ్య