ఫించ్‌ని చూస్తే ముందు ముక్కు చూడండి

ఫించ్ అనగానే మనలో చాలామందికి పెట్ షాపు పంజరంలో ఎగిరే జీబ్రా ఫించ్ గుర్తొస్తుంది. పది సెంటీమీటర్ల పిట్ట, బరువు 12 గ్రాములు అటూ ఇటూ. హిమాలయాల్లో ఉండే కాలర్డ్ గ్రోస్‌బీక్‌ని కూడా ఫించ్‌ల లెక్కలోనే వేస్తారు, అదేమో 24 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, 80 గ్రాములు దాటుతుంది. అంటే ఇంచుమించు మన గోరింకంత పొడవు. సైజు చూసి ఇది ఫించ్ అని చెప్పలేం.

పోనీ రంగు చూద్దామా అంటే అది ఇంకా మోసం. ఆస్ట్రేలియా గౌల్డియన్ ఫించ్‌లలో తల నల్లగా ఉండేవి, ఎర్రగా ఉండేవి, పసుపుగా ఉండేవి ఉన్నాయి, అన్నీ ఒకటే జాతి. మన ఎర్ర మునియా మగపిట్ట గూడు కట్టే కాలంలో తెల్ల చుక్కలతో ఎర్రగా మెరిసిపోతుంది, సీజన్ అయిపోగానే ఆడపిట్టలాగే గోధుమరంగులోకి వచ్చేస్తుంది. (మునియాలకు రంగులు పూసి కూడా అమ్ముతుంటారు. రంగు పూసినా పూయకపోయినా వాటిని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, కొనకండి.)

చుట్టరికం కూడా అంతంత మాత్రమే. గోల్డ్‌ఫించ్, కానరీ, రోజ్‌ఫించ్ ఒక కుటుంబం. జీబ్రా, గౌల్డియన్, మునియాలు ఇంకో కుటుంబం. డార్విన్ పేరుతో పిలిచే, పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల ఫించ్‌లైతే అసలు అమెరికా ఖండాల టానేజర్ పిట్టల వంశం. వీటన్నిటికీ ఒకే పేరు రావడానికి కారణం గింజలు వొలుచుకు తినే పొట్టి, దిట్టమైన ముక్కు.

ఆ వొలవడం దగ్గర్నుంచి చూడాల్సిన పని. గింజని నాలుకతో పై ముక్కు లోపలున్న గాడిలోకి తోసి, కింది ముక్కు అంచుతో నొక్కి, నాలుకతోనే తిప్పుతూ పొట్టు ఊడదీస్తుంది. పొట్టు మళ్లీ గిన్నెలోనే పడుతుంది కాబట్టి కొత్తగా పెంచేవాళ్లు గిన్నె నిండుగానే ఉంది కదా అనుకుంటారు, పిట్టలేమో ఆకలితో ఉంటాయి. రోజూ ఒకసారి ఊది చూస్తే తెలిసిపోతుంది.

తిండిని బట్టి ముక్కు మారుతుంది. యాభై గ్రాములు దాటీదాటని హాఫించ్ చెర్రీ టెంకని పగలగొడుతుంది. క్రాస్‌బిల్‌కి పై ముక్కు, కింది ముక్కు కొసలు ఒకదాన్నొకటి దాటి వంకరగా ఉంటాయి, ఏదో లోపం అనిపిస్తుంది గానీ పైన్ కాయల రేకులు విడదీసి లోపలి గింజ లాగడానికి ఆ వంకరే కావాలి.

ఇక గాలపాగోస్. 1835లో డార్విన్ అక్కడ పట్టిన పిట్టల్ని ఏది ఏ దీవిదో కూడా సరిగ్గా రాసుకోలేదు. ఇవన్నీ దగ్గర బంధువులేనని 1837లో తేల్చింది పక్షుల శాస్త్రవేత్త జాన్ గౌల్డ్, గౌల్డియన్ ఫించ్‌కి తన భార్య జ్ఞాపకంగా పేరు పెట్టింది కూడా ఆయనే. కానీ నాకు అంతకన్నా ఆసక్తి జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతుల పని. గాలపాగోస్‌లోనే డాఫ్నే మేజర్ అనే చిన్న దీవిలో 1973 నుంచి ఏళ్ల తరబడి పిట్టల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచి వదిలేవాళ్లు. 1977లో వానల్లేవు. చిన్న గింజలు ముందే అయిపోయాయి, మిగిలింది గట్టి పల్లేరుకాయలు (మన చేలగట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరుకి దగ్గరి జాతే). మధ్యరకం గ్రౌండ్ ఫించ్‌లలో ముక్కు మందంగా ఉన్నవి ఆ కాయల్ని పగలగొట్టగలిగాయి, మిగతావాటి వల్ల కాలేదు. నూటికి ఎనభైకి పైగా చచ్చిపోయాయి. తర్వాతి తరం పిల్లల ముక్కులు సగటున నాలుగు శాతం దాకా మందంగా వచ్చాయి, అంటే అర మిల్లీమీటరు కూడా లేదు. చావుకీ బతుక్కీ మధ్య తేడా అంతే!

అయితే మందం ముక్కే ఎప్పుడూ గెలుస్తుందని కాదు. 1983లో ఎల్‌నినో (పసిఫిక్ నీళ్లు వేడెక్కడం, మనకి వానలు తగ్గించినా అక్కడ కుండపోతగా కురిపిస్తుంది) వానలకి చిన్న గింజలు కుప్పలుగా పండాయి, ఆ తర్వాత చిన్న ముక్కులకే కలిసొచ్చింది. అదే సమయానికి వాటికంటే పెద్దదైన మరో గ్రౌండ్ ఫించ్ జాతి వచ్చి దీవిలో స్థిరపడింది. 2004-05 నాటి కరువులో పల్లేరుకాయల్ని ఆ పెద్ద పిట్టలే ఖాళీ చేసేశాయి, దాంతో వాటితో పోటీపడిన మందం ముక్కు మధ్యరకాలే ఎక్కువగా పోయాయి, చిన్న గింజలతో సరిపెట్టుకున్న సన్న ముక్కులవి మిగిలాయి. ఎవరు బతుకుతారన్నదానిలో ముక్కు సైజుతో సంబంధమున్న హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువుకి పెద్ద పాత్రే ఉందని 2016లో తేలింది.