ఉక్రోషానికి ఒక మందు, అలకకు ఇంకో మందు

"మా ఆరేళ్ళ బాబు ఏం జరిగినా 'కోపం' అంటాడు, చేతిలో ఉన్నది విసిరేస్తాడు. ఏం చేయాలి?" అని చిత్తూరు నుంచి ఒక తల్లి అడిగారు. వాడి దగ్గర ఉన్న మాట అదొక్కటే. అన్నీ దానితోనే చెప్పుకోవాలి మరి!

తెలుగులో ఆ ఒక్క కోపం ఎన్ని రకాలో చూడండి. ఆటలో ఓడితే ఉక్రోషం. సొంతవాళ్ళ మీద మాత్రమే వచ్చేది అలక. చూసేవాళ్ళు లేకపోతే అది నిలవదు. ఆకలికీ, నిద్రకీ, మే నెల ఉక్కకీ వచ్చేది చిరాకు. నలుగురిలో మాట పడితే చిన్నబోవడం. అలిగినవాణ్ణి బతిమాలాలి. చిరాకులో ఉన్నవాడికి నీతులు ఎక్కవు, నాలుగు ముద్దలు పెరుగన్నం పెట్టి పడుకోబెట్టాలి. ఉక్రోషంలో ఉన్నవాణ్ణి బతిమాలితే ఇంకా మండిపోతాడు. కాసేపు వదిలేసి మళ్ళీ ఆటకు పిలవాలి. పేరు దొరికితేగానీ ఏది చేయాలో తేలదు.

పేరు పెట్టడమే కొంత ఉపశమనం కూడా. 2007లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపం, భయం నిండిన ముఖాలను పెద్దవాళ్ళకు చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. ఆ భావానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు మెదడులో భయం లాంటి భావాలకు వెంటనే స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గింది, భావాలను అదుపు చేయడంలో సాయపడే, నుదుటి వెనక ఉండే కుడివైపు వెంట్రోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చురుకు పెరిగింది. అదే ముఖానికి మనిషి పేరు ఎంచుకోమంటే మాత్రం అమిగ్డలా అంతగా తగ్గలేదు. ఏదో ఒక మాట అంటే చాలదన్నమాట. పిల్లల్లో ఈ ప్రీఫ్రంటల్ భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి మాటను మనమే అందించాలి.

ఏడుపు జోరుగా ఉన్నప్పుడు పాఠం వద్దు. ఊపిరి కుదుటపడ్డాక పిల్లాడి ఎత్తుకు కూర్చుని రెండు మాటలు ముందుంచండి: "ఉక్రోషంగా ఉందా నాయనా, చిన్నబోయినావా?" పది సెకన్లు ఆగండి. "కాదు" అన్నా మంచిదే, లోపల వెతుక్కుంటున్నాడు. "ఎందుకు ఏడుస్తాండావు?" అని అడిగితే కారణం చెప్పాలి, అది పేరు చెప్పడం కంటే కష్టం. "వీడు ఉత్త ఉడుకుబోతు" అని చుట్టాల ముందు అన్నారో, వచ్చిపోయే భావం కాస్తా పిల్లాడికి ముద్రగా మిగిలిపోతుంది.

దిష్టి తీస్తే ఊరుకుంటాడంటారు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మిరపకాయలు తిప్పుతుంటే ధ్యాస మళ్ళి ఊరుకుంటాడు, నిజమే. కానీ ఎవరి కన్నో తగిలిందని వింటాడు తప్ప, తన లోపల ఏమైందో వాడికి తెలియదు.

కొత్త మాటలు నేర్పడానికి తీరిక వేళలే మేలు, వారానికి ఒకటి చాలు. తిరుపతి గంగమ్మ జాతరలో ఒళ్ళంతా కుంకుమ పూసుకున్న బండ వేషం ఎదురైతే పిల్లాడు అమ్మ కొంగు చాటుకు పోతాడు, మళ్ళీ పక్కనుంచి తొంగి చూస్తాడు. ఒకేసారి రెండు భావాలుంటాయని అయిదేళ్ళ పిల్లలు చాలామంది చెప్పలేరు. అక్కడ "భయపడొద్దు" అనకండి. "జంకుగా ఉంది, చూడాలనీ ఉంది, రెండూనా?" అనండి. తర్వాత జంకు ఒంట్లో ఎక్కడుందో చేత్తో చూపించమనండి. కడుపు మీద చెయ్యి పెడితే, చూడాలనే ఆత్రం ఎక్కడుందో కూడా అడగండి.