మీరు కయాక్ ఎక్కే ముందు

మలక్‌పేట,
హైదరాబాద్

బంటీకి, చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

దుర్గం చెరువులో ఆ సన్నటి తెడ్డు పడవ, అదే కయాక్, నడిపిన వీడియో చూసి మురిసిపోయాను. ఆగస్టులో మామయ్య దగ్గరికి వెళ్లినప్పుడు సముద్రంలో తిమింగలాలకు బాగా దగ్గరగా వెళ్తామన్నారు. ఆ 'దగ్గరగా' అన్న మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే మరిచిపోతారని రాస్తున్నాను.

మీరు వెళ్లేది కెనడా పడమటి తీరంలో, వాంకూవర్ ద్వీపం పక్కనున్న జాన్‌స్టన్ జలసంధికి. వేసవిలో సాల్మన్ చేపలు నదులకు తిరిగొచ్చే దారి అది. వాటి కోసమే ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్ అనే నలుపు తెలుపు తిమింగలాలు, వస్తాయి. చెరువులా కాదు, ఆటుపోట్లకు అక్కడి నీళ్లు ఏరులా పరుగెడతాయి. ఎండ కాస్తున్నా నీళ్లు 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి, పడితే చేతులు కొంకర్లు పోతాయి. లైఫ్ జాకెట్ ఒడ్డునే బిగించుకోండి.

నేను, మామయ్య వెళ్లినప్పుడు ముందు చప్పుడే వినపడింది. కుక్కర్‌లోంచి ఆవిరి ఒక్కసారిగా వదిలినట్టు. తర్వాత నల్లటి రెక్క లేచింది. మగ ఓర్కా వీపు మీది రెక్క 1.8 మీటర్ల దాకా ఉంటుంది, మీ తాతయ్య కంటే ఎత్తు. నేను ఆగలేక అటువైపే తెడ్డు వేశాను. గైడ్ గట్టిగా అరిచి ఆపాడు. అప్పుడు నొచ్చుకున్నాను కానీ తప్పు నాదే.

ఓర్కాలు టిక్ టిక్‌మని శబ్దం పంపి, అది చేపకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి వేటాడతాయి. మనం దారికి అడ్డం పోతే ఆ వేట చెదురుతుంది. అందుకే కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలని అక్కడి చట్టం. కయాక్‌కు ఇంజన్ చప్పుడు లేదు కదా అంటారేమో. హంప్‌బ్యాక్ తిమింగలం విషయంలో ఆ నిశ్శబ్దమే ప్రమాదం. దానికి ఓర్కాలా శబ్దంతో వెతికే విద్య లేదు. మీరున్నట్టు తెలియక, 30 టన్నుల ఒంటితో మీ కిందనుంచే లేవవచ్చు. అది కనపడగానే మా గైడ్ కయాక్‌లన్నీ ఒకదానికొకటి ఆనించి, తెడ్డుతో అంచు మీద తడుతూ కూర్చోమన్నాడు.

అక్కడే రాబ్సన్ బైట్ అనే చోట గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకోవడానికి ఓర్కాలు ఒడ్డుదాకా వస్తాయి. 1982లో దాన్ని వాటి కోసమని రక్షిత ప్రాంతం చేశారు. అందులోకి కయాక్ తీసుకెళ్లకండి. ఎంత ఆశగా ఉన్నా సరే.

1970లలో మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త రెక్క మీది గాట్లు, దాని వెనకాల బూడిదరంగు మచ్చ ఫోటో తీసి ఒక్కో ఓర్కాను గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. అలా ఏళ్ల తరబడి చూశాకే, సాల్మన్ తినే ఈ ఓర్కాల్లో కొడుకులు, కూతుళ్లు బతికినంతకాలం తల్లితోనే ఉంటారని తెలిసింది. ఆరోజు మేం తెడ్లు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాం. ఒక తల్లి, వెనకే పిల్ల, దూరంగా పెద్ద మగది, వాటంతట అవే వరసగా సాగిపోయాయి. పిల్ల ఊపిరి చప్పుడు కూడా విడిగా వినపడింది.

నా బైనాక్యులర్ బీరువాలో పై అరలో ఉంది. వెళ్లేలోపు వచ్చి తీసుకెళ్లండి.

మీ అమ్మమ్మ